చెరువు ముత్యమా, సముద్రం ముత్యమా? 6 వేల దండకీ 70 వేల దండకీ మధ్య ఏముంది

మా పిన్ని కూతురి పెళ్ళికి ముత్యాల సెట్టు తీసుకుందామని మొన్న విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక షాపులో కూర్చుంటే, అక్కడి కుర్రాడు నల్ల వెల్వెట్ ట్రే మీద రెండు దండలు పక్కపక్కన పరిచాడు. రెండూ తెలుపే, రెండూ 7 ఎంఎం సైజే, కాస్త దూరం నుంచి చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకటి 6 వేలు, రెండోది 70 వేల చిల్లర. మా పిన్ని ఆ రెండోదాన్ని చేత్తో పైకెత్తి అటూ ఇటూ తిప్పి "ఏటి బాబూ, ఇదేటి పాలు తాగి పెరిగిందా, దానికీ దీనికీ తేడా ఏటి?" అంది. వాడు "అది సీ వాటర్ అమ్మా, ఇది ఫ్రెష్ వాటర్" అన్నాడు, అంతటితో అంతా అర్థమైపోవాలన్నట్టు. పైగా "రెండూ కల్చర్డే" అని ఒక ముక్క కలిపాడు. అంతే, మా పిన్ని నా చెవి దగ్గరకొచ్చి "కల్చరంటే డూప్లికేటు కదే, లెగు ఎల్దాం" అంది.

ముందు ఈ డూప్లికేటు గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే మన వైపు సగంమంది ఇక్కడే ఆగిపోతారు. కల్చర్డ్ ముత్యం నకిలీ కాదు. చెరువులో పెంచిన రొయ్య రొయ్య కాకుండా పోతుందా, ఇదీ అంతే, మనిషి చిప్పని పట్టుకొచ్చి లోపల చిన్న ఆపరేషన్ లాంటిది చేసి మళ్ళీ నీళ్ళలో వదుల్తాడు, ఆ తర్వాత ముత్యం తయారుచేసేది ఆ జీవే. స్వాతి కార్తెలో వాన చినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందని మా అమ్మమ్మ చెప్పేది, వినడానికి ఎంతో బాగుంటుంది గానీ అసలు సంగతి ఏంటంటే చిప్ప లోపల ఏ పురుగో దూరినా దెబ్బ తగిలినా దాని చుట్టూ పొర మీద పొర కప్పుకుంటూ పోతుంది. అలా దానంతటదే అయినవి సహజ ముత్యాలు, మన పెద్దవాళ్ళు బస్రా ముత్యాలు అనేవి అవే, పర్షియన్ గల్ఫ్ లో మనుషులు ఊపిరి బిగబట్టి మునిగి తీసినవి, నిజాముల కాలంలో హైదరాబాద్ కి ముత్యాల ఊరు అని పేరొచ్చింది కూడా వాటి వ్యాపారంతోనే. జపాన్ లో మికిమోటో కోకిచి అనే ఆయన 1893లో అర్ధగోళం లాంటి ముత్యాన్ని చిప్పలో పెంచి చూపించాడు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పూర్తి గుండ్రటివి కూడా వచ్చేశాయి, ఆ దెబ్బకి 1930ల నాటికి గల్ఫ్ ముత్యాల వ్యాపారం కుదేలైపోయింది. ఇవాళ చార్మినార్ దగ్గర కొన్నా, శ్రీకాకుళం జి.టి. రోడ్డులో కొన్నా మీ చేతికొచ్చేది దాదాపు ఎప్పుడూ కల్చర్డే. కాబట్టి కల్చర్డా కాదా అన్నది ప్రశ్నే కాదు.

మరి ప్రశ్న ఏంటి అంటే, దానికి మన వంటింటి నుంచే మొదలెట్టాలి. మాగాయ పెట్టే రోజుల్లో పీలర్లు లేకముందు మామిడికాయ చెక్కు దేంతో తీసేవారో గుర్తుందా? ఆల్చిప్పతో. మా అమ్మమ్మ దగ్గర ఒకటుండేది, మధ్యలో అరగదీసి కన్నం చేసిన చిప్ప, బయట నల్లగా బురద రంగులో గరుగ్గా ఉండేది, తిప్పి లోపల చూస్తే మాత్రం తెల్లగా, కాస్త ఎండ తగిలిందంటే గులాబీ ఆకుపచ్చ కలిసిన మెరుపు. ఆ మెరుపే నేకర్. ముత్యం అంటే ఆ లోపలి పొరే, చిప్ప గోడకి కాకుండా గుండ్రంగా చుట్టుకుంటే ముత్యం, అంతకన్నా బ్రహ్మపదార్థం ఏం లేదు. తమాషా ఏంటంటే మన చెరువుల్లో కాలవల్లో ఉండే ఆ చిప్పల జాతి, లామెల్లిడెన్స్ అంటారు, దాంట్లోనే భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న సీఫా అనే మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ వాళ్ళు ముత్యాలు పెంచే పద్ధతి తయారుచేశారు. శ్రీకాకుళం నుంచి రైలెక్కితే కొన్ని గంటల దారి. మనం దాంతో మామిడికాయలు చెక్కుకున్నాం!

ఇప్పుడు చెరువు ముత్యం, అంటే ఫ్రెష్ వాటర్. బజార్లో ఉన్న వాటిలో చాలా భాగం చైనా నుంచి వస్తాయి, జెజియాంగ్ రాష్ట్రంలో జుజి అనే ఊరు దీనికి పెద్ద మార్కెట్టు. అక్కడ పెద్ద పెద్ద చెరువు చిప్పల్ని తీసుకుని, ఇంకో చిప్ప లోపలి చర్మం లాంటి కండని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఆ చిప్పలో నాటుతారు, మనం నారు నాటినట్టే. ఒక్కో చిప్పలో 30 పైనే నాటుతారు. లోపల పూస ఏమీ పెట్టరు. ఆ కండ ముక్క చుట్టూ రెండేళ్ళు మూడేళ్ళు, కొన్నిసార్లు ఆరేళ్ళ దాకా పొరలు పేరుకుంటూ పోతాయి. కాబట్టి కోసి చూస్తే ఆ చివర నుంచి ఈ చివరికి మొత్తం నేకరే. లోపల గుండ్రటి అచ్చు లేదు కాబట్టి దాని ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది, బియ్యపు గింజలాగా, బటన్ లాగా, బంగాళాదుంపలాగా, ఎక్కడో కొన్ని మాత్రమే నిజంగా గుండ్రంగా వస్తాయి.

సముద్రం ముత్యం పద్ధతి వేరు. జపాన్ వాళ్ళ అకోయా చిప్ప చిన్నది, అరచేతిలో పడుతుంది. దాన్ని కొద్దిగా తెరిచి లోపల ఒక గుండ్రటి పూస, దానికి ఆనుకుని చిన్న కండ ముక్క పెడతారు. ఒక్కో చిప్పకి ఒకటి, మహా అయితే రెండు. ఆ పూస చుట్టూ పొర కడుతుంది, పది నెలల నుంచి రెండేళ్ళు. సరే, ఆ పూస దేంతో చేస్తారు? అమెరికాలో మిసిసిపీ నది వైపు దొరికే చిప్పల్ని కోసి, అరగదీసి, గుండ్రంగా చేస్తారు. అంటే మీరు సముద్రం ముత్యం అని 70 వేలు పోసి కొన్నదాని కడుపులో ఉన్నది నది చిప్ప! ఇది చెప్తే మా పిన్ని రెండు నిమిషాలు మాట్లాడలేదు, ఆమె విషయంలో అది రికార్డే.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే పలాస జీడిపప్పుకి పాకం పట్టిస్తాం చూడండి, అకోయా అదీ. లోపల పప్పు, పైన పాకం. చెరువు ముత్యం పటికబెల్లం ముక్క, లోపలా బయటా ఒకటే. అకోయా పైన ఉండే ఆ పాకం చాలా వాటికి అర మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది, చవకరకానికి ఇంకా తక్కువ. ఇంత తెలిశాక ఎవరికైనా వచ్చే డౌటు ఒకటే, మరి పూత ఉన్నదానికి 70 వేలేంటి, నిండా ఉన్నదానికి 6 వేలేంటి?

సమాధానం మెరుపులో ఉంది. షాపులో నేనేం చేశానంటే రెండు దండలనీ చేతిమీద వేసుకుని పైనున్న ట్యూబ్ లైటు వాటిలో ఎలా కనిపిస్తుందో చూశాను. అకోయాలో లైటు గీత గీసినట్టు కనిపించింది, అంచులు పదునుగా, కాస్త వంగితే నా మొహం కూడా. 6 వేల దండలో అదే లైటు ఆవిరి పట్టిన బాత్రూం అద్దంలో చూసినట్టు మసకమసకగా, మెత్తగా. అది కూడా అందంగానే ఉంది, కాకపోతే వేరే అందం. జపాన్ నీళ్ళు చల్లగా ఉంటాయి, చలికాలంలో చిప్ప నెమ్మదిగా పలచటి పొరలు దగ్గరదగ్గరగా వేస్తుంది, అందుకే వాళ్ళు పంట కూడా చలికాలంలోనే తీస్తారు, పొరలు ఎంత పలచగా ఎంత ఒద్దికగా పేరితే మెరుపు అంత అద్దంలా వస్తుంది. దీనికి తోడు చిప్పకి ఒకటో రెండో ముత్యాలు, ఆపరేషన్ లో చచ్చేవి చస్తాయి, పూసని బయటికి కక్కేసేవి కక్కేస్తాయి, 1996 నుంచి కొన్నేళ్ళు జపాన్ లో రోగం వచ్చి చిప్పలు కుప్పలుగా చచ్చిపోయాయి కూడా. మిగిలినవాటిలో రంగు, సైజు, మెరుపు కలిసేవి ఏరి ఒక దండ కట్టాలంటే ఎన్ని ముత్యాలు జల్లెడ పట్టాలో ఆలోచించండి. రేటు అక్కడ పెరుగుతుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, అకోయా మామూలుగా 9 ఎంఎం దాటదు, దాటినవి అరుదు, ఎవరైనా 12 ఎంఎం అకోయా అని చూపిస్తే నవ్వి లేచి వచ్చేయండి.

అంత పెద్దవి కావాలంటే అవి సౌత్ సీ. పింక్టాడా మాక్సిమా అనే పెద్ద చిప్ప, ఆస్ట్రేలియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మయన్మార్ వైపు, తెలుపు, వెండి రంగు, బంగారు రంగు. వీటి పొర అకోయా కన్నా చాలా మందం. నల్లవి తాహితీ, ఫ్రెంచ్ పాలినేషియా దీవుల నుంచి. మన బడ్జెట్ సంగతులు కావు కాబట్టి ఎక్కువ రాయను గానీ రెండు మోసాలు మాత్రం చెప్పాలి. చెరువు ముత్యానికి సహజంగా వచ్చే రంగులు తెలుపు, పీచ్ పండు రంగు, గులాబీ, లావెండర్ లాంటివి. కారునలుపు, నెమలికంఠం రంగు వెయ్యి రూపాయల దండలో కనిపిస్తే అది రంగేసిందే, కన్నం దగ్గర చూస్తే రంగు గడ్డకట్టినట్టు ఉంటుంది. రంగేయడం తప్పు కాదు, తాహితీ అని చెప్పి అమ్మడం తప్పు. రెండోది, ఈ మధ్య చైనా వాళ్ళు చెరువు చిప్పలో కూడా పూస పెట్టి పెద్ద గుండ్రటి ముత్యాలు తీస్తున్నారు, ఎడిసన్ అంటారు, చూడ్డానికి భలే ఉంటాయి, నాకైతే చాలా ఇష్టం, కానీ వాటి రేటు సౌత్ సీ రేటులో చిన్న ముక్క, కాబట్టి పేరు మార్చి అంటగట్టకుండా చూసుకోండి.

ఇప్పుడు మా అమ్మ దిద్దుల కథ. నా చిన్నప్పుడు, 90ల చివర్లో, నాన్న అమ్మకి ముత్యాల దిద్దులు కొన్నాడు, సముద్రం ముత్యాలు అని గట్టిగా చెప్పి ఇచ్చారట. అమ్మ వాటిని రోజూ పెట్టుకునేది, వంట చేసినా, స్నానం చేసినా. నాలుగేళ్ళకి కన్నం చుట్టూ పొర లేచి, గోడకి సున్నం పెచ్చు రాలినట్టు రాలి, లోపల తెల్లటి మెరుపులేని పూస బయటపడింది. షాపుకి తీసుకెళ్తే మీరే సరిగా వాడలేదు అన్నారు. కొంత నిజమే, కానీ పొర సరిగ్గా ఉండుంటే నాలుగేళ్ళకే బట్టతల రాదు. పూత పలచగా ఉన్నదాన్ని సముద్రం పేరుతో అంటగట్టేశారన్నమాట. అదే డబ్బుతో మంచి చెరువు ముత్యాలు తీసుకుని ఉంటే అరిగినా కింద మళ్ళీ ముత్యమే ఉండేది.

అందుకే సముద్రం ముత్యం కొనేటప్పుడు రెండు చూడాలి. ఒకటి, ఫోన్ టార్చి వేసి కన్నం అంచు దగ్గర చూడండి, పూసకీ పొరకీ మధ్య సన్నటి గీత కనిపిస్తుంది, ఆ గీత పైకి ఎంత దగ్గరగా ఉంటే పొర అంత పలచన, పొర పెచ్చులూడినట్టు ఉంటే ట్రే వెనక్కి ఇచ్చేయండి. రెండు, దండని లైటు కింద మెల్లగా దొర్లించండి, పొర మరీ పలచనైతే లోపల పూస చారలు ఒకసారి వెలిగి ఒకసారి ఆరినట్టు కన్ను కొడతాయి. చెరువు ముత్యంలో ఈ గొడవ లేదు, అక్కడ చూడాల్సింది గుండ్రంతనం, పైన గుంటలు మడతలు, ముఖ్యంగా మెరుపు. మెరుపు లేకుండా సుద్దముక్కలా పాలిపోయి ఉన్న దండ ఎంత గుండ్రంగా ఉన్నా వద్దు.

పళ్ళకి రుద్ది చూసే పద్ధతి ఉంది కదా, సన్నటి ఇసుకలా గరుగ్గా తగిలితే అసలు, జారిపోతే నకిలీ. అది పనిచేస్తుంది, కానీ గాజు ప్లాస్టిక్ పూసల్ని పట్టడానికి మాత్రమే. హైదరాబాద్ లో కొన్ని షాపుల్లో లైటరు వెలిగించి ముత్యాన్ని మంటలో పెట్టి చూపిస్తారు, చూసేవాళ్ళు అబ్బో అనుకుంటారు, దానివల్ల కూడా ప్లాస్టిక్ కాదని తెలుస్తుంది అంతే. చెరువుదా సముద్రందా అని పన్నూ చెప్పదు, మంటా చెప్పదు, రెండూ ఒకే పదార్థం మరి. ఎక్స్ రే తీస్తే లోపల పూస ఉందో లేదో తెలుస్తుంది, కాబట్టి దండ అరలక్ష దాటితే ల్యాబ్ సర్టిఫికేటు అడగండి, 3 వేల దండకి అడిగితే మాత్రం వాళ్ళు మనల్ని వింతగా చూస్తారు, చూడాలి కూడా.

అన్నట్టు షెల్ పెర్ల్ అనే మాట వింటే జాగ్రత్త. చిప్పని పొడి చేసో అరగదీసో పూస చేసి, పైన మెరిసే రంగు కోటింగ్ వేస్తారు, కొన్నిచోట్ల దానికి సౌత్ సీ షెల్ పెర్ల్ అని పేరు పెట్టి అమ్ముతారు. సముద్రం అనే మాట అందులో ఉంది కానీ ముత్యం అందులో లేదు. దండలో ప్రతి పూస ఒక్క మచ్చ కూడా లేకుండా అచ్చు గుద్దినట్టు ఉండి రేటు 2 వేలు అంటే అదే అయ్యుంటుంది.

బిల్లు దగ్గర ఇంకో విషయం, ముత్యాలకన్నా డబ్బు ఇక్కడే ఎక్కువ పోతుంది. బంగారంలో ముత్యాలు పొదిగిన సెట్టు కొంటే గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ రెండూ విడివిడిగా రాయించుకోండి, ముత్యాల బరువు బంగారం రేటులో కలిసిపోకూడదు. హాల్ మార్కు, నగ మీద అంకెలూ అక్షరాలూ కలిపి 6 ఉండే గుర్తింపు కోడ్ హెచ్‌యుఐడి బంగారానికే, అది చూసి ముత్యానికి కూడా గవర్నమెంటు గ్యారంటీ ఉందనుకోవద్దు. మళ్ళీ అమ్మేటప్పుడో మార్చేటప్పుడో ముత్యాల బరువు తీసేసి బంగారానికే కడతారు, కాబట్టి ఆపదలో ఆదుకుంటుందని ముత్యం కొనకండి, దానికి బంగారం బిళ్ళ ఉంది.

సరే, చివరికి ఎవరికి ఏది? నా లెక్క చెప్తాను, ఒప్పుకోకపోతే మీ ఇష్టం. ఆఫీసుకో కాలేజీకో రోజూ వేసుకునే సన్న దండ, చిన్న దిద్దులు, నల్లపూసల మధ్యలో వచ్చే ముత్యాలు అయితే కళ్ళు మూసుకుని చెరువు ముత్యమే. మన వైపు ఉక్కపోతకి ఒంటికి పట్టే చెమటలో పలచటి పూత ఎన్నాళ్ళుంటుంది? పైగా పోయినా, తెగినా గుండె ఆగదు. పెళ్ళిళ్ళకి బరువైన చంద్రహారంలో, రెండు మూడు పేటల గొలుసులో కూడా చెరువు ముత్యమే చాలు, అంత పనితనం మధ్య అకోయా మెరుపుని ఎవరూ వెతకరు. ఒకే ఒక్క దండ, పట్టుచీర మీద ఏ నగా లేకుండా అదొక్కటే వేసుకోవాలి, జాగ్రత్తగా దాచి కూతురికివ్వాలి, చేతిలో డబ్బుంది అంటే అప్పుడు మంచి పొర ఉన్న అకోయా. మధ్యరకం అకోయా మాత్రం వద్దేవద్దు. 25 వేల నాసిరకం సముద్రం ముత్యం కన్నా 10 వేల మేలురకం చెరువు ముత్యం ఎందులోనూ తీసిపోదు, చాలా సార్లు పైనే ఉంటుంది. నీటి పేరుకి డబ్బిస్తున్నామా, మెరుపుకీ పొరకీ ఇస్తున్నామా అని ఒక్కసారి మనల్ని మనం అడిగితే ట్రే ముందు సగం గందరగోళం పోతుంది.

జాతకానికి చంద్రుడి కోసం ఉంగరం పెట్టుకునేవాళ్ళ సంగతి వేరు, కొందరు పంతుళ్ళు సహజ ముత్యమే కావాలంటారు, కొందరు కల్చర్డ్ కి సరే అంటారు. సహజం అని చెప్పి అమ్మితే ల్యాబ్ కాయితం లేకుండా నమ్మకండి.

వాడకంలో నేను చూసిన ఘోరం ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. సిరిమానోత్సవానికి ముందు ఇంట్లో నగలన్నీ కడగడం మా పెద్దమ్మకి అలవాటు. ఓ ఏడాది బంగారం గొలుసులతో పాటు ముత్యాల గొలుసు కూడా చింతపండు నీళ్ళలో వేసి రాత్రంతా నానబెట్టింది. పొద్దున్న బంగారం ధగధగలాడింది, ముత్యాలు మాత్రం ఎండిన బఠాణీల్లా మెరుపు పోయి గరుకెక్కిపోయాయి. నేకర్ అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేటు, సుద్దా అదే పదార్థం, పులుపు తగిలితే కరుగుతుంది. చింతపండు, నిమ్మరసం, వెనిగరు, పెర్ఫ్యూమ్, హెయిర్ స్ప్రే, చెమట అన్నీ శత్రువులే. పౌడరూ సెంటూ అయ్యాక అన్నిటికన్నా చివర ముత్యాలు వేసుకోవాలి, ఇంటికి రాగానే అన్నిటికన్నా ముందు తీసి మెత్తటి నూలు గుడ్డతో తుడిచి విడిగా పెట్టాలి, కెంపులు వజ్రాలతో కలిపి డబ్బాలో వేస్తే గీతలు పడతాయి. ముత్యం ముత్యానికి మధ్య ముడి వేసి గుచ్చించుకోండి, తెగినా ఒక్కటే జారుతుంది. బాగా వాడేదైతే ఏడాదికో రెండేళ్ళకో దారం మార్పించాలి.

పెళ్ళికూతురు ఏం తీసుకుందంటారా? 6 వేల దండ కాదు, 70 వేలదీ కాదు. లోపల నుంచి ఇంకో ట్రే తెప్పిస్తే అందులో 12 వేలకి ఒకటి ఉంది, చెరువు ముత్యాలే, 8 ఎంఎం, పూర్తి గుండ్రం కాదు, పక్క నుంచి చూస్తే కొద్దిగా బటన్ లా ఉన్నాయి, కానీ ట్యూబ్ లైటు గీత దాదాపు అకోయాలో కనిపించినంత స్పష్టంగా కనిపించింది, తెలుపులో సన్నగా గులాబీ ఛాయ. మా పిన్ని ఒప్పుకుంది గానీ బిల్లు కట్టే ముందు దండ చివరి ముత్యాన్ని పళ్ళ మధ్య పెట్టి కుర్రాడి ముందే రెండుసార్లు రుద్ది చూసింది. వాడు ఏమీ అనలేదు, టిష్యూ పేపరు అందించాడు.